ఉపదేశి ఇన్నయ్య మొక్కు

2011 జూన్‌లో నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. మఠంలో దాన్ని ఉత్తర్వు అనరు, ‘విధేయత’ అంటారు. తెల్లకాగితం మీద రెండు వాక్యాలుంటాయి: ఫలానా సిస్టర్‌ను ఫలానా చోటికి పంపుతున్నాము, ప్రభువు ఆమెను దీవించుగాక. కోర్టుకు వెళ్లే వీలు, ఎమ్మెల్యేతో చెప్పించుకునే వీలు ఉండవు కనుక ఇది ప్రభుత్వ బదిలీల కన్నా త్వరగా అమలవుతుంది. అప్పటిదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్న నన్ను హైదరాబాదులో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో ఒక లోపలి సందులో ఉన్న మా కాన్వెంటుకు వొకేషన్ ప్రమోటర్‌గా వేశారు.

ఆ హోదా గురించి చెప్పాలి. సిస్టర్ కావాలనుకునే అమ్మాయిలను వెతికి, పరీక్షించి, మఠానికి చేర్చడం వొకేషన్ ప్రమోటర్ పని. కంపెనీల్లో దీన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. మేము ఆ మాట వాడం. పిలిచేది దేవుడు, ఆ పిలుపు వినడానికి మేము సాయం చేస్తాం అంతే. కాకపోతే దేవుడు ఆ ఏడాది ఎంతమందిని పిలిచాడో మార్చి నెలాఖరుకల్లా ప్రొవిన్షియల్‌కు రాసి పంపాలి. ప్రొవిన్షియల్ అంటే మా ప్రావిన్సులోని కాన్వెంట్లన్నిటికీ పెద్ద. అంతకుముందు సంవత్సరం దేవుడు ఎవరినీ పిలవలేదు. దానికి సంజాయిషీ నా ముందున్న సిస్టర్ రాసుకుంది.

సిస్టర్ కావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. మొదట ‘వచ్చి చూడండి’ అనే మూడు రోజుల పరిచయం. అమ్మాయి కాన్వెంటులో ఉంటుంది, మాతోపాటు లేస్తుంది, ప్రార్థిస్తుంది, అంట్లు తోముతుంది. ఆమె మమ్మల్ని చూస్తుంది, మేము ఆమెను చూస్తాం. పెళ్లిచూపులకూ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ ఉప్మా ఆమే చేయాలి. నచ్చితే ఒక ఏడాది ఆస్పిరెంటు, ఆ తర్వాత పోస్టులెంటు, ఆ పైన రెండేళ్లు నొవిషియేటు అనే శిక్షణ, అప్పుడు మొదటి మాటపట్టు, అంటే సన్యాస వ్రతాలు. దాన్ని కొన్నేళ్లు ఏటేటా తిరిగి చెప్పాక నిత్య మాటపట్టు. ఇంత పొడుగు శిక్షణకు పునాది ప్రమోటర్ రాసే ఒక్క పేజీ నివేదిక. అందులో ఐదు గళ్లు: ఆరోగ్యం, చదువు, కుటుంబం, భక్తి, విధేయత. అడుగున ‘ఇతర విషయాలు’ అని ఒక చిన్న గీత ఉంటుంది. దాన్ని ఎవరూ నింపినట్టు నేను చూడలేదు.

మా కాన్వెంటులో ఐదుగురం. సుపీరియర్, అంటే కాన్వెంటు పెద్ద, సిస్టర్ ఫిలోమినా గుంటూరు వైపు మనిషి, నాదీ అటే. ఇద్దరు తెలంగాణ వాళ్లు, ఒకామె కేరళ. బయట తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తోంది. రాష్ట్రం సంగతి భోజనాల బల్ల దగ్గర ఎత్తకూడదని సిస్టర్ ఫిలోమినా నియమం పెట్టింది. దాంతో అందరూ వంటింట్లో ఎత్తేవారు. బల్ల దగ్గర మాత్రం గోంగూర పచ్చడి గిన్నె ఒకరి నుంచి ఒకరికి చాలా మర్యాదగా, ముఖాలు చూసుకోకుండా తిరిగేది. ఎటూ చెందని కేరళ సిస్టర్ ఒక్కతే ప్రశాంతంగా తినేది.

సెప్టెంబరులో, సకల జనుల సమ్మె మొదలైన వారంలో, ఒక శుక్రవారం ఉదయం విమల వచ్చింది. ఇరవై మూడేళ్లు, బీఎడ్ చదివింది. దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరు పోస్టుల కోచింగు తీసుకుంటూ గడ్డిఅన్నారంలో ఒక హాస్టల్లో ఉండేది. వెంట తండ్రి ఇన్నయ్య. చౌటుప్పల్ దాటాక లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో ఉపదేశి. ఫాదర్ రాలేని ఆదివారాల్లో ప్రార్థన నడిపి, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే మనిషిని మేము ఉపదేశి అంటాం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో జపమాల, చేతిలో ఒక ఫైలు. ఆ ఫైల్లో జ్ఞానస్నానం సర్టిఫికెట్, మార్కుల మెమోలు, డాక్టరు చీటీ, విచారణ గురువు, అంటే ఆ చుట్టుపక్కల గుళ్లు చూసుకునే ఫాదర్, ఇచ్చిన సిఫారసు ఉత్తరం అన్నీ వరుసగా పిన్ను కొట్టి ఉన్నాయి. అన్నిటి మీదా అమ్మాయి స్వదస్తూరీతో రాసిన అర్జీ. ‘అయోగ్యురాలనైన ఈ దాసురాలిని ప్రభువు తన ద్రాక్షతోటలోనికి పిలుచుచున్నాడని హృదయమందు గ్రహించితిని’ అని మొదలవుతుంది. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న అభ్యర్థిని నేను చూడటం అదే మొదలు. సంతోషంలో ఇంకో సంగతి పట్టించుకోలేదు: మూడు రోజుల పరిచయానికి ఆయన ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, బకెట్టు సహా హాస్టలు ఖాళీ చేయించి తెచ్చాడు.

సోమవారం ఆమె వెళ్లాలి. ఆ సోమవారానికి ఆర్టీసీ వాళ్లు కూడా సమ్మెలో దిగారు. మూడు రోజులు వారమైంది, వారం రెండు వారాలైంది. దేవుడు మాకు ఈ సమ్మె ద్వారా ఒక ఆస్పిరెంటును బహూకరిస్తున్నాడని సిస్టర్ ఫిలోమినా అన్నది. సమ్మె గురించి ఆమె నోట వచ్చిన ఏకైక మంచిమాట అదే.

విమలలో వంక పెట్టడానికి ఏమీ లేదు. గంట కొట్టకముందే లేచేది. మా ప్రార్థన గది చాపెల్లో మా అందరి అపస్వరాలనూ తన గొంతుతో సర్దేది. వాకిలి ఊడ్చేది, తోటకూర తరిగేది, మాలో ముసలిదైన కేరళ సిస్టర్ కాళ్లకు నూనె రాసేది. ప్రొవిన్షియల్ ఫోన్ చేసి ‘అమ్మాయి ఎలా ఉంది?’ అని అడిగితే, చాలా బాగుందన్నాను. ‘అయితే ఆలస్యమెందుకు?’ అన్నది ఆవిడ. నేను నివేదిక తీసి నాలుగు గళ్లు నింపేశాను. విధేయత గడి మాత్రం మర్నాడు రాద్దామని ఆపాను. ఆ మర్నాడే మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు.

బంద్ రోజు రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పేర్చి, పెద్ద డేగిశాల్లో అన్నం, పప్పు వండి అక్కడే అందరికీ పెట్టడం వంటావార్పు. బతుకమ్మ రోజులు కూడా కావడంతో మా సందులోని ఆడవాళ్లంతా పూలు, కూరగాయలు పట్టుకుని బయల్దేరారు. విమల తడిచేతులు తుడుచుకుంటూ సిస్టర్ ఫిలోమినా దగ్గరికి వెళ్లి, తనూ పోయొస్తానని అడిగింది. మఠానికి రాజకీయాలుండవని సిస్టర్ ఫిలోమినా చెప్పింది. మనం అందరివాళ్లం, ఎవరి పక్షమూ కాదు, గేటు దాటకూడదు. విమల తల వంచుకుని మొత్తం విన్నది. తర్వాత చెప్పులేసుకుని గేటు దాటింది.

మధ్యాహ్నం మూడింటికి పొగవాసనతో, పసుపు మరకలతో తిరిగొచ్చింది. చుట్టూ పోలీసులు నిలబడి ఉండగానే పప్పు వడ్డించిందట. మేమంతా వరండాలో ఉన్నాం. సిస్టర్ ఫిలోమినా కోపాన్ని నిదానంగా, మెట్టుమెట్టుగా తెచ్చుకునే మనిషి. ముందు ఆరోగ్యం అడిగింది, తర్వాత భోజనం అడిగింది, ఆ తర్వాత, ‘నేను నీకు వద్దని చెప్పలేదా అమ్మా?’ అన్నది.

‘చెప్పిన్రు సిస్టర్.’

‘మరి?’

‘మీరు చెప్పేది చెప్పిన్రు. నేను మొత్తం విన్న. గా తర్వాతనే పోయిన. అడగకుండ పోలే గదా.’

తెలంగాణ సిస్టర్లిద్దరూ ఒక్కసారిగా చాపెల్లో ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. సిస్టర్ ఫిలోమినా నా వైపు తిరిగి, విధేయత గడిలో సున్నా వేయమని చెప్పింది. మా నివేదికలో మార్కులుండవు. అయినా ఆమె సున్నా వేయమంది.

నిబంధన ప్రకారం ఇలాంటప్పుడు ప్రమోటర్ రెండో ముఖాముఖి చేయాలి. మర్నాడు ఉదయం విమలను పార్లర్లో కూర్చోబెట్టాను. వచ్చినవాళ్లను కలిసే ముందుగదిని మేము పార్లర్ అంటాం. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ఒక ఏసు తిరుహృదయ పటం. కిటికీలోంచి పండ్ల మార్కెట్టు వైపు గాలి వీస్తే మాగిన బత్తాయిల వాసన వచ్చేది. ‘పిలుపు ఎప్పుడు విన్నావు?’ అని నేను నియమం ప్రకారం అడిగాను. ఆమె తన అర్జీలోని వాక్యాలే పొల్లుపోకుండా అప్పచెప్పింది. అయోగ్యురాలు, దాసురాలు, ద్రాక్షతోట అన్నీ వచ్చాయి. నిన్న వరండాలో మాట్లాడిన అమ్మాయి ఈ భాష మాట్లాడదని గ్రహించడానికి వేదాంత శాస్త్రం చదవనక్కర్లేదు. ఆమాటే అన్నాను.

ఆమె నవ్వింది. ‘మీరు ఎందుకొచ్చిన్రు సిస్టర్?’ అని అడిగింది.

నా దగ్గర దీనికి ఒక జవాబు తయారుగా ఉంది. పదిహేడో ఏట, గుడిలో ఒంటరిగా మోకరించి ఉండగా, మనసులో ఒక స్వరం వినిపించింది. ముప్పై ఏళ్లుగా విచారణల్లో, స్కూళ్లలో చెప్పీ చెప్పీ ఆ స్వరానికి కొంచెం నా గొంతే వచ్చేసింది. అదే మొదలుపెట్టాను.

‘గది మొన్న చాపెల్ల చెప్పిన్రు. అసలుది చెప్పున్రి’ అన్నది.

ముఖాముఖి చేస్తున్నది ఎవరో నాకు అర్థం కాలేదు. కానీ చెప్పాను. మా ఊరికి సిస్టర్లు సైకిళ్ల మీద వచ్చేవారు. మా ఇళ్లలో ఆడపిల్ల సైకిలెక్కితే కాళ్లు విరగ్గొడతామనేవారు. సిస్టర్ల కాళ్లు ఎవరూ విరగ్గొట్టలేదు. నేను చేరింది ఆ సైకిలు కోసం. దేవుడు ఆ తర్వాత, తీరిగ్గా, నేను నొవిషియేటులో ఉండగా వచ్చాడు. ఈ సంగతి నా సుపీరియర్లెవరికీ తెలియదు, ఏ నివేదికలోనూ లేదు.

విమల తన కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆరేళ్లప్పుడు ఆమెకు మెదడువాపు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. ఇన్నయ్య దవాఖాన వరండాలో మోకరించి, బిడ్డ బతికితే నీకే ఇచ్చేస్తానని దేవుడికి మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. ఆ రోజు నుంచి ఇంట్లో, ఊళ్లో ఆమె ‘సిస్టరమ్మ’. అన్నలు కొట్టుకుంటుంటే సిస్టరమ్మ ముందు కొట్టుకోవద్దనేవారు. బీఎడ్ కూడా సిస్టరమ్మకు పనికొస్తుందనే చదివించారు. అర్జీ ఇన్నయ్య చెప్తుంటే ఆమె రాసింది.

‘నీకు ఇష్టం లేదా?’ అని అడిగాను.

‘ఇష్టం లేదని కాదు సిస్టర్. ఇష్టమా అని ఎన్నడు అనుకోలే. మా నాయిన మాట దేవునితోని. నడుమ నేనెవర్ని?’

నా పదవికి సంబంధించిన నియమం ఒకటుంది. భయపెట్టి, బలవంతపెట్టి, మోసపుచ్చి ఎవరినైనా నొవిషియేటులో చేర్చుకుంటే మా శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, చట్టం ప్రకారం ఆ ప్రవేశం చెల్లదు. ఇక్కడ భయపెట్టిన వాళ్లెవరూ లేరు. పదిహేడేళ్లు ముద్దుగా పిలిచారు, అంతే. ముద్దుగా పిలవడం బలవంతం కిందికి వస్తుందా అని చట్టంలో ఎక్కడా రాసిలేదు. సుపీరియర్‌ మాట కాదని వంటావార్పుకు వెళ్లగలిగిన అమ్మాయి తండ్రికి ఎదురుచెప్పాలని కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడ నన్ను నేను గొప్పగా చెప్పుకోలేను. నేను వెంటనే నిజం రాయలేదు. నివేదికను బీరువాలో పెట్టి మూడు రోజులు తాళం వేశాను. చేరాక ఇష్టం పుట్టవచ్చు కదా, నాకు పుట్టలేదా అని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదనలో పస ఉంది, స్వార్థమూ ఉంది. నా మార్చి నివేదికలో ఒక పేరు ఉండాలి. ప్రొవిన్షియల్ మళ్లీ ఫోన్ చేసి, వంటావార్పు సంగతి ఫిలోమినా చెప్పిందనీ, వయసులో ఉన్న పిల్లలు అలాగే ఉంటారనీ, నొవిషియేటులో సర్దుకుంటుందనీ అన్నది. అటు సిస్టర్ ఫిలోమినా, సర్దుకోదు, పంపించేయమన్నది. నేను ఏది రాసినా ఒకరు సంతోషిస్తారు. అయితే ఇద్దరి సంతోషానికీ విమలతో ఏ సంబంధమూ లేదు. అది తట్టాక ఇన్నయ్యకు ఫోన్ చేసి రమ్మన్నాను.

బస్సుల్లేవు. ఆయన ఎవరిదో మోపెడ్ అడుక్కుని వచ్చాడు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర రాస్తారోకోలో రెండు గంటలు ఆగిపోయాడట. తెల్లచొక్కా ఆ రోజూ ఇస్త్రీదే, దాని మీద దుమ్ము మాత్రం కొత్తది. కుర్చీ అంచున కూర్చుని, చేర్చుకునే తారీఖు చెప్పడానికే పిలిచాననుకుని నవ్వుతున్నాడు. విమలను కూడా పిలిచి కూర్చోబెట్టి, విషయం చెప్పాను. ఎవరు మొక్కుకుంటే వారే ఆ మొక్కుకు కట్టుబడాలి, ఒకరి మొక్కు ఇంకొకరి మెడకు చుట్టుకోదు. ఇది నా సొంత తెలివి కాదు, శ్రీసభ చట్టంలో ఉన్న మాట. మీరు మొక్కుకున్నారు కనుక తీర్చాల్సింది మీరే.

ఇన్నయ్య నవ్వు ఆగిపోయింది. ‘గట్ల కాదు సిస్టర్. నేను మాట ఇచ్చిన దేవునికి. పదిహేడేండ్ల సంది ఆయన తన వంతు నిలబెట్టుకున్నడు. ఇప్పుడు నేను తప్పుతనా?’ అన్నాడు.

మీ అమ్మాయి ఏమంటుందో అడగండి అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగాడు. జీవితంలో మొదటిసారి అడుగుతున్నట్టు చాలా ఇబ్బందిగా, ‘ఏందిరా బిడ్డా?’ అన్నాడు.

విమల కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అంతమంది పోలీసుల మధ్య నడిరోడ్డు మీద పప్పు వడ్డించిన అమ్మాయికి నోరు పెగల్లేదు. నేను సాయం చేయలేదు. చేయకుండా ఉండటం చాలా కష్టమైంది. చివరికి, ‘నాకు తెల్వది నాయినా. ఔ అనను, కాదనను. నాకు నిజంగనే తెల్వది. తెలుసుకోనియ్యి’ అన్నది. అని, ఏడవడం మొదలుపెట్టింది.

ఇన్నయ్యకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నన్ను చూస్తూ, చాలా చిన్నగొంతుతో అడిగాడు: ‘మల్ల జరం ఒస్తే?’

పదిహేడేళ్లుగా ఆ మనిషి మోస్తున్నది భక్తి అనుకున్నాను. అది భయం. మాట తప్పితే బిడ్డను తిరిగి తీసుకుపోతాడని ప్రతిరోజూ భయపడుతూ, ప్రతి ఆదివారం అదే దేవుడి గురించి పిల్లలకు పాఠం చెప్తున్నాడు. నాకు మూడేళ్ల వేదాంత శిక్షణ ఉంది. ఆ ప్రశ్నకు జవాబు అందులో చెప్పలేదు. ‘జ్వరం వస్తే దవాఖానకు తీసుకెళ్లాలి ఇన్నయ్య గారూ’ అన్నాను.

ముందు విమల నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత ఆయన కూడా నవ్వబోయి, నవ్వలేక, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. టీ తెప్పించాను. తాగాక, మరి నా మాట సంగతేంది అని మళ్లీ అడిగాడు. ఆయనను అలా వదిలేయడం న్యాయం కాదు. మొక్కును మరో మంచిపనిగా మార్చే అధికారం విచారణ గురువుకు ఉంది. నేను వాళ్ల ఫాదర్‌కు ఉత్తరం రాసిచ్చాను. ఫాదర్ ఆ మొక్కును ఇలా మార్చారు: ఇన్నయ్య నెలకో శనివారం నల్గొండ పెద్దాసుపత్రికి వెళ్లి, తోడు ఎవరూ లేని రోగుల దగ్గర కూర్చోవాలి, నీళ్లందించాలి, మందులు తెచ్చిపెట్టాలి. ఆయన నెలకోసారి కాదు, వారానికోసారి వెళ్లేవాడని తర్వాత తెలిసింది. దేవుడి దగ్గర కాస్త ముందస్తుగా ఉంటే మంచిదని అనుకున్నాడేమో.

ట్రంకుపెట్టె, పరుపుచుట్ట మోపెడ్ మీద పట్టలేదు. అవి ఇంకో నెల మా స్టోర్‌రూంలోనే ఉన్నాయి. బకెట్టు మాత్రం విమల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది.

నివేదికలో ఐదు గళ్లూ మంచిగానే నింపాను, విధేయతతో సహా. అడుగున గీత మీద, ‘అభ్యర్థి స్వేచ్ఛగా నిర్ణయించుకునే స్థితిలో ప్రస్తుతం లేదు. కనీసం ఏడాదిపాటు ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి ప్రేరణా లేకుండా ఆలోచించుకోవాలి’ అని రాశాను. గీత చాలక మార్జిన్లోకి వెళ్లాల్సి వచ్చింది. సిస్టర్ ఫిలోమినా ఆ రాత్రి భోజనంలో నాకు రెండో గరిటె పాయసం వేసింది. తన మాట నెగ్గిందనుకుంది. ప్రొవిన్షియల్ మాత్రం ఫోన్లో, దేవుడు పంపిన పిల్లను నేను వెనక్కి పంపానన్నది. మార్చిలో నా సంజాయిషీ నేను రాసుకున్నాను. మేలో రెండు వాక్యాల కాగితం మళ్లీ వచ్చింది. ఈసారి ఖమ్మం వైపు ఒక బోర్డింగు స్కూల్లో వంటసామాను స్టోర్ ఇన్‌చార్జిగా. ప్రభువు నన్ను దీవించుగాక అని అందులోనూ రాశారు.

విమల బడంగ్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చేరి నాలుగేళ్లు పిల్లలకు సైన్స్ చెప్పింది. ఈలోగా రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వచ్చాక వస్తుందని ఆమె ఎదురుచూసిన టీచరు పోస్టుల నోటిఫికేషన్ మాత్రం రాలేదు. ఒకరోజు నాకు ఫోన్ చేసి, మఠంలో చేరుతున్నానన్నది. నేను ఎగిరి గంతేయకుండా, వయసుకు తగ్గట్టు కూర్చునే, ఎప్పుడొస్తున్నావని అడిగాను. ‘మీ దాంట్ల కాదు సిస్టర్. వేరే సభల’ అన్నది. దిక్కులేని రోగులను చూసుకునే సిస్టర్ల సభ అది. శనివారాల్లో తండ్రితో ఆసుపత్రికి వెళ్తూ వాళ్లను చూసిందట. నాయిన ఏమన్నాడని అడిగితే, ‘వద్దన్నడు. ఇంకో రెండేండ్లు ఆగమన్నడు. నేను ఆగనన్న’ అన్నది. ఇంత మంచి అభ్యర్థి పక్క సభకు ఎలా పోయిందని మా ప్రొవిన్షియల్ నన్ను రాతపూర్వకంగా అడిగింది. నేను నివేదిక కాపీ జతచేసి పంపాను. జవాబు రాలేదు.

ఇప్పుడు మా వృద్ధ సిస్టర్ల నివాసంలో ఉన్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు అప్పుడప్పుడు సలహా అడుగుతారు. నేను చెప్పేది ఒకటే: అభ్యర్థి ‘ఔను’ అనడం లెక్కలోకి రాదు, ఆమె ‘కాదు’ అనగలదని తేలేదాకా. అది తేల్చడానికి ఆమె ఎవరితో ‘కాదు’ అని చెప్పలేకపోతుందో వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, అడిగాక మనం నోరు మూసుకోవాలి. విమల విషయంలో ఇది నా వివేకం వల్ల జరిగిందని అనుకోవద్దు. నివేదిక పంపడంలో మూడు రోజులు ఆలస్యం చేశాను, అంతే. అనుకున్న రోజునే పంపి ఉంటే, తప్పు నివేదిక పంపి ఉండేదాన్ని, పైవాళ్లు మెచ్చుకుని ఉండేవారు.